ముందు పెద్ద మెషీన్‌కి

2007 ఆగస్టు. నేను అరకు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో టెక్నీషియన్‌గా చేరి అప్పటికి రెండేళ్లు. ఎక్స్ఛేంజ్ అంటే పెద్ద ఆఫీసు అనుకోకండి. రెండు గదులు, ఒక జనరేటరు, వానాకాలమంతా ఆరని గోడలు. ఆ మధ్యనే కొండమీదికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఊరంతా కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కనెక్షన్లు. వాటన్నిటికీ డాక్టరునూ నేనే, కాంపౌండరునూ నేనే.

అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే నా మొండితనం మీకు అర్థం కాదు. తొంభైల్లో నేను సాలూరులో ట్రంక్ ఆపరేటర్ని. చెవులకు హెడ్‌సెట్టు, ఎదురుగా చిల్లుల బోర్డు, చేతిలో తాడు కొసన ప్లగ్గు. పై ఊరి నుంచి ఎవరు పిలిచినా నా చెయ్యి కదిలితేనే ఇంకొకరి ఫోను మోగేది. "అమ్మా, మా బావగారికి కలపండి" అంటే చాలు, ఏ బావో నాకు తెలిసేది. పురిటికి చేర్చిన ఇంటివాళ్లు పిలిస్తే గొంతును బట్టి పోల్చుకుని, వరస తప్పించి ముందు వాళ్లకే కలిపేదాన్ని. సూపర్వైజరు చూస్తే చివాట్లు పెట్టేవారు. తర్వాత ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ వచ్చింది. మా బోర్డు విప్పి లారీకెక్కించిన రోజు నేను అన్నం తినలేదు. ఆ రోజు నుంచి "ఆటోమేటిక్" అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మంట.

ఇక అసలు సంగతి. అరకు ఊరి చివర, కాఫీ తోటల దిగువన ఒక మిషన్ కాంపౌండ్ ఉండేది. దాన్ని చూసుకునేది రూతమ్మ టీచరు. నాకంటే పదేళ్లు పెద్దావిడ, నిదానస్తురాలు. వాళ్ల మిషన్‌కే గుంటూరు అవతల, ఒక రాత్రి ఒక పగలు ప్రయాణమంత దూరంలో, వినికిడి లేని పిల్లల బడి ఉంది. టైడా పైనున్న ఒక కొండ ఊరి నుంచి సోమ్రి అనే పదేళ్ల పిల్లను ఆ జూన్‌లో అక్కడ చేర్చారు. మూడేళ్లు తిరిగితే దొరికిన సీటు అది.

సోమ్రి తల్లి పేరు బుద్రి. మగడు లేడు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి తల్లీకూతుళ్లిద్దరూ చేతులతో ఒక భాష కల్పించుకున్నారు. అది ఏ బడిలోనూ నేర్పే భాష కాదు, వాళ్లిద్దరికే తెలిసింది. మామూలు పిల్లలయితే తల్లి ఫోన్లో పలకరించి కుదుటపడుతుంది. ఇక్కడ ఫోను దండగ. అందుకని మిషన్ వాళ్లు కాంపౌండ్‌కి కెమెరా ఉన్న కొత్త కంప్యూటర్ పంపించి, ప్రతి శనివారం పదకొండు గంటలకు తల్లికి కూతుర్ని చూపించే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు నడిపించే పని నా నెత్తిన పడింది.

ఇప్పటి ఫోన్లలో వేలు ఆనిస్తే మనిషి కనిపిస్తున్నాడు. అప్పుడు అలా కాదు. వాళ్లు వాడిన ప్రోగ్రాంలో, బడి నుంచి వచ్చే పిలుపు నేరుగా కాంపౌండ్‌లోని ఫలానా కంప్యూటర్‌నే తట్టాలి. అదేమో మా మోడెం వెనక ఉంటుంది. మేమిచ్చే ఆ చిన్న పెట్టెలోనే రౌటరు కూడా ఉండేది. ఒక్క లైనును ఇంట్లో ఉన్న మెషీన్లన్నిటికీ పంచిపెట్టేది రౌటరు. బయటి నుంచి అడగకుండా వచ్చేదాన్ని ఆపేది దానిలోని ఫైర్‌వాల్. వచ్చిన పిలుపును ఏ మెషీన్‌కి పంపాలో తెలియకపోతే రౌటరు దాన్ని గుమ్మంలోనే పారేస్తుంది. అందుకని "ఫలానా పోర్టుకు, అంటే ఫలానా తలుపుకు వచ్చిన పిలుపును రెండో నంబరు మెషీన్‌కి పంపు" అని ముందుగా రాసిపెట్టాలి. దీన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. మెషీన్లకు ఇంటి నంబర్లు ఇచ్చేది కూడా మోడెమే. ఒకటి తనది, రెండు మొదట లేచిన మెషీన్‌ది, మూడు ఆ తర్వాత లేచినదానిది.

ఇదంతా మనిషి రాయకుండా, కంప్యూటరే మోడెంని అడిగి తలుపు తెరిపించుకునే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు యూపీఎన్‌పీ. మోడెం సెట్టింగులలో దానికి ఒక గడి ఉంటుంది. టిక్కు పెడితే పనిచేస్తుంది, తీస్తే మానుకుంటుంది. ట్రైనింగులో మా మాస్టారు "ముందు ఆ టిక్కు తీసెయ్యండి, లోపల దొంగ ప్రోగ్రాం ఉంటే అది కూడా అడిగి తలుపు తీయించుకుంటుంది" అన్నారు. ఆయన అలా అనకపోయినా నేను తీసేసేదాన్నే. ఆటోమేటిక్‌గా జరిగేది నాకు నచ్చుతుందా? కాంపౌండ్‌లో టిక్కు తీసి, రెండో నంబరని నా చేత్తో రాశాను. రూతమ్మ టీచరు బడికి ఫోన్ చేసి, రోజూ మారే మా ఇంటర్నెట్ లైను నంబరు చదివి చెప్పింది. పిలుపొచ్చింది, తెర మీద బొమ్మ వచ్చింది. సాలూరు బోర్డు మీద ప్లగ్గు గుచ్చినంత సంబరపడి ఇంటికి వచ్చాను.

మొదటి శనివారం బొమ్మ రాలేదు. బుద్రి కొండ దిగి, టైడాలో పాసింజరు రైలెక్కి వచ్చి, మూడు గంటలు నల్లటి తెర ముందు కూర్చుని వెళ్లిపోయిందట.

బుధవారం మధ్యాహ్నం వెళ్లాను. మోడెం ఆపి, కొత్త కంప్యూటర్ ఆపి, రెండూ మళ్లీ వేసి, బడికి ఫోన్ చేయించాను. బొమ్మ అద్దంలా వచ్చింది. "లైనులో ఏదో తేడా అయుంటుంది టీచర్. ఇప్పుడు బాగుంది" అని చెప్పి వచ్చేశాను. మా వృత్తిలో అతి తేలికగా నోటికి వచ్చే మాట అదే.

రెండో శనివారం మళ్లీ రాలేదు. ఆ బుధవారం మళ్లీ వెళ్లాను, మళ్లీ వచ్చింది. ఈసారి బడి టీచరు పరీక్ష కోసం సోమ్రినే కెమెరా ముందు కూర్చోబెట్టింది. రెండు జడలు, నీలం గౌను. నేను మోడెం దీపాలు ఆరిపోకుండా వెలుగుతున్నాయా లేదా అని చూసుకుని, ఫారం మీద సంతకం పెట్టించుకుని బయటపడ్డాను.

మూడో శనివారం నేనే వెళ్లి కూర్చున్నాను. బుద్రిని చూడడం అదే మొదటిసారి. సన్నటి మనిషి, ముక్కుకు రెండు పక్కలా కమ్ములు, వానకు తడిసిన చీర. పదకొండు దాటింది, బుధవారంలాగే మోడెం, కొత్త కంప్యూటర్ ఆపి వేశాను, పన్నెండు దాటింది, తెర నల్లగానే ఉంది. ధైర్యం చెబుదామని నోరు తెరిచాను.

"నీ కూతురు బాగుంది బుద్రీ. బుధవారం నేను చూశాను కదా, ఈ తెర మీదే."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు సూసినావు. నానేటి సూసినాను?"

"ఒట్టు, బాగుంది."

"సేతుల్తో ఏటన్నాది? సేసి సూపించు."

ఆ పిల్ల చేతులు కదిపిన మాట నిజమే, అంతవరకు గుర్తుంది. ఎలా కదిపిందో, ఎంతసేపు కదిపిందో గుర్తు లేదు. నేను దీపాలు చూస్తున్నాను. "తెలీలేదమ్మా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బుద్రి లేచి నిలబడింది. "అందరూ బాగున్నాది, బాగున్నాది అంటన్నారు. నా గుంటకి ఏటో అయిపోనాది. మీరు నాకు దాసేత్తన్నారు. సోమారం బండెక్కి ఎల్లి నా గుంటని తెచ్చేసుకుంటాను."

రూతమ్మ టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. "తీసుకొచ్చేస్తే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు బుద్రీ. మళ్లీ రాదు. అది ఇప్పుడిప్పుడే తన పేరు రాస్తోందట. ఇంకొక్క శనివారం ఆగు తల్లీ, నా మాట విను."

బుద్రి చెయ్యి విడిపించుకుంది. "ఒక్కటే" అని చెప్పి, గొడుగు తీసుకుని స్టేషను దారి పట్టింది.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. బుధవారాలు పనిచేసేది శనివారాలు ఎందుకు పాడవుతోంది? ఆలోచించగా ఒక్కటే తేడా తట్టింది. బొమ్మ వచ్చిన పరీక్షలన్నీ నేను మధ్యాహ్నం పూట చేసినవే. నేను లేనప్పుడు పొద్దున్న ఆ గదిలో ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా చూడలేదు. నాలుగో శనివారం ఎనిమిది గంటలకే కాంపౌండ్‌కి వెళ్లాను.

గది తెరిచేది గంగులు తాత. అక్కడ అటెండరు, కొండ మనిషి, డెబ్బై ఏళ్లుంటాయి. కొండమీద పిడుగులకు భయపడి రోజూ సాయంత్రం మెయిన్ స్విచ్చి దించేసి పోతాడు, పొద్దున్న ఎత్తుతాడు. ఆ రోజు మెయిన్ ఎత్తాడు, మోడెం వెలిగింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మూలనున్న పాత కంప్యూటర్ మీది గుడ్డ తీసి, మడిచి, దాని స్విచ్చి నొక్కాడు. రూతమ్మ టీచరు ఉత్తరాలు టైపు చేసుకునే మెషీన్ అది. లేవడానికే పది నిమిషాలు పడుతుంది. తాత దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర పూర్తిగా వెలిగాక అప్పుడు కొత్తదాని దగ్గరికి వెళ్లాడు.

నాకు అంతా తెలిసిపోయింది. మెయిన్ దించితే ఆ చవక మోడెం రాత్రికి రాత్రి నంబర్లన్నీ మర్చిపోతుంది. పొద్దున్న ముందు లేచిన పాతదానికి రెండో నంబరు ఇచ్చేస్తుంది. నేను రాసింది నమ్మి, బడి పిలుపును తీసుకెళ్లి ఆ ముసలి మెషీన్‌కి అప్పగిస్తోంది. దానికి కెమెరా లేదు, ఆ ప్రోగ్రామూ లేదు. మధ్యాహ్నం తాత దాన్ని ఆపేస్తాడు కాబట్టి నా బుధవారాలన్నీ దివ్యంగా ఉన్నాయి.

"ఇదేంటి తాతా, పాతదాన్ని ముందు వేస్తున్నావు?"

"పెద్దది గదమ్మా" అన్నాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు. "పెద్దదానికి పెట్టకుండా సిన్నదానికెలా పెడతాం?"

"మరి మధ్యాహ్నం ఎందుకు ఆపేస్తావు?"

"ముసిల్ది. అలిసిపోద్ది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక పిల్ల చదువు ఈయన మర్యాద దగ్గర ఆగిపోయింది. కొంచెం గట్టిగానే చెప్పాను. "ఇవాళ్టి నుంచి కొత్తదాన్నే ముందు వెయ్యి. పాతది తర్వాత."

తాత తలాడించాడు. "అలాగేనమ్మా" అని, మెల్లిగా అన్నాడు. "అయితే నువ్వే ఏసుకో. నా సేత్తో నానెయ్యలేను. మా ఊర్లో మావిడి కొత్త పండగ సేసుకోకుండా కాయ కొరకం. కొత్త గింజొచ్చినా ముందు దేవుడికి, తరవాత ఇంట్లో పెద్దోలికి, అప్పుడు మాకు. ఇన్నాల్లూ అలాగే బతికినాను. ఇప్పుడు తప్పితే కుదరదమ్మా."

నాకు కోపం వచ్చిన మాట దాచను. ఆ కోపంతోనే మోడెం ముందు కూర్చున్నాను. కూర్చున్నాక సాలూరు బోర్డు గుర్తొచ్చింది. ఎవరికి ముందు కలపాలో అక్కడ నాకూ ఒక వరస ఉండేది. ఏ రూలు పుస్తకంలోనూ లేని వరస అది. అది పోయిన రోజే కదా నేను అన్నం మానేసింది? తాతను మార్చాలనుకోవడం నాకు సిగ్గనిపించింది. కంప్యూటర్‌లోనే కదలని నంబరు రాసిపెట్టే దారి ఒకటి ఉందని తర్వాత తెలిసింది. అప్పటికి తెలియదు. మోడెం దాకానే మా పని, కంప్యూటర్ జోలికి పోవద్దని మాకు నేర్పారు.

పోనీ మూడో నంబరని మార్చి రాద్దామంటే, ముసలిది లేవని రోజు కథ మళ్లీ మొదటికే వస్తుంది. మిగిలింది ఆ టిక్కు ఒక్కటే.

నేను చేత్తో రాసిన రెండో నంబరును చెరిపేశాను. యూపీఎన్‌పీ గడిలో టిక్కు పెట్టాను. వేలు ఒక్క క్షణం ఆగిన మాట నిజం. తర్వాత అన్నీ ఆపించి, "తాతా, నీ పద్ధతిలోనే వెయ్యి" అన్నాను. ఆయన మొహం విప్పారింది. మెయిన్, మోడెం, ముసలిది, ఆ తర్వాత చిన్నది. కొత్త మెషీన్‌కి మూడో నంబరు వచ్చింది. ప్రోగ్రాం తెరవగానే అదే మోడెంని అడిగి, తన తలుపు తన నంబరుకు తిప్పించుకుంది. వరస ఎలా ఉన్నా ఇక దానికి పట్టింపు లేదు. బడి టీచరు పిలిస్తే మొదటిసారికే బొమ్మ వచ్చింది.

పదకొండుకు పది నిమిషాలుండగా బుద్రి వచ్చింది. చేతిలో బట్టల సంచి ఉంది. బండెక్కడానికి సిద్ధపడే వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని అడిగింది. "ఇప్పుడేటి మార్సినావు?"

చైత్రంలో ఇటుకల పండగప్పుడు వాళ్ల ఊళ్లలో మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పట్టుకుని వచ్చేపోయేవాళ్లను ఆపుతారు. అదే చెప్పాను. "ఈ పెట్టె కర్ర పట్టుకుని నిలబడింది బుద్రీ. ఇన్నాళ్లూ నేను దానికి తప్పు ఇల్లు చెప్పాను. ఇప్పుడు లోపలివాళ్లే, మా మనిషి వస్తోంది, ఇటు పంపించమని చెప్పుకుంటారు."

బుద్రి మూతి కదిలింది. "మేమూ అంతే. మా ఆడపడుసు మొగుడొస్తన్నాడంటే ఒదిలేత్తాం. గానీ పాట పాడించే ఒదుల్తాం."

పదకొండు గంటలకు మెషీన్ మోగింది. తెర మీద నీలం గౌను కనిపించింది.

బుద్రి అరవలేదు, ఏడవలేదు. రెండు చేతులూ పైకి లేపింది. అటు సోమ్రి చేతులు కూడా లేచాయి. ఆ లైనులో బొమ్మ తెగి తెగి వచ్చేది, వేళ్లు గీతల్లా అలుక్కుపోయేవి. అయినా వాళ్లకు అడ్డం రాలేదు. బుద్రి రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టి, ఆపైన మూడు వేళ్లు చూపించింది. అటు పిల్ల గంతులేసింది. "మేక ఈనినాది, మూడు పిల్లలు" అని బుద్రి మాకు చెప్పింది, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. సోమ్రి నోరు తెరిచి ఊడిన పన్ను చూపించింది. పలక ఎత్తి పట్టుకుంది. దాని మీద వంకర అక్షరాలతో తన పేరు ఉంది. బుద్రికి చదువు రాదు. రూతమ్మ టీచరు ఒక్కొక్క అక్షరం వేలితో చూపించి చదివింది. బుద్రి కాళ్ల దగ్గరున్న బట్టల సంచిని కాలితో కుర్చీ కిందికి తోసేసింది. అప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంతలో సోమ్రి తెరలోంచి నా వైపు వేలు చూపించింది. తర్వాత మొహం ఒక పక్కకు తిప్పేసి, చెంప దగ్గర వేళ్లు మిణుకు మిణుకుమన్నట్టు ఆడించింది. బుద్రి ఫక్కున నవ్వింది.

"ఏమంటోంది?"

"నిన్నేనమ్మా. మొన్న నీతో ఎంతో సేపు మాటాడినాదట. అమ్మకి సెప్పు, అమ్మకి సెప్పు అన్నాదట. నువ్వు దీపాలకేసి సూత్తన్నావే గానీ దానికేసి సూడనేదట."

నేను కుర్చీ తెర ముందుకు లాక్కుని, ఆ పిల్ల కళ్లలోకి చూసి రెండు చెవులూ పట్టుకున్నాను. ఆ భాష ఏ బడిలో నేర్పకపోయినా అందరికీ వచ్చు. సోమ్రి ఊడిన పన్ను కనిపించేలా నవ్వింది.

ఆ తర్వాత శనివారాలు ఏవో ఒకటి రెండు తప్ప అన్నీ సాగాయి. యూపీఎన్‌పీ గురించి మాస్టారు చెప్పిన భయం అబద్ధమేమీ కాదు. అందుకే తెలియని ప్రోగ్రాంలు ఏవీ ఎక్కించవద్దని రెండు మెషీన్ల మీదా నా చేత్తో రాసి అతికించి వచ్చాను. గంగులు తాతకు చదువు రాకపోయినా ఆ కాగితాన్ని రోజూ తుడిచేవాడు. నా అలవాటు కూడా ఒకటి మారింది. ఏ ఇంటికి వెళ్లినా మోడెం ముట్టుకునే ముందు, పొద్దున్న ముందుగా ఎవరు, ఏది, ఎలా వేస్తారో అడిగేదాన్ని. సగం రోగాలు ఆ జవాబులోనే బయటపడేవి.

2009 వేసవిలో నాకు మైదానానికి బదిలీ అయింది. వెళ్లే వారం అరకు సంతకు పోయాను. చింతపండు కుప్పల అవతల నుంచి ఎవరో చూస్తున్నట్టనిపించింది. తల్లి భుజం దాటి ఎదిగిన పిల్ల. సెలవులకు వచ్చినట్టుంది. నన్ను గుర్తుపట్టి, పక్కనున్న బుద్రి చెయ్యి గుంజి, మొహం ఒక పక్కకు తిప్పి చెంప దగ్గర వేళ్లు మిణుకులాడించింది. వాళ్లిద్దరి భాషలో నా పేరు అదే అయిపోయిందన్నమాట.

తర్వాత నాకేసి తిరిగి చేతులతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. చింతపండు బుట్ట కింద పెట్టి, అది చెప్పడం అయిపోయేదాకా దాని చేతులకేసే చూస్తూ నిలబడ్డాను.